మూడు హోటళ్ల లెక్క: అనంతపురం నుంచి ప్రాజెక్టు డైరీ

జూన్ 2

మాకు మూడు హోటళ్లు. టవర్ క్లాక్ దగ్గరిది నాన్న మొదలుపెట్టినది. ధర్మవరంలోది రెండోది, గుంతకల్లు రైల్వే స్టేషన్ దారిలోది మూడోది. మూడింటికీ సరుకు అనంతపురం స్టోరు నుంచే వెళుతుంది. రాత్రి పది దాటాక ఆ రెండు ఊళ్ల నుంచి ఫోన్లు వస్తాయి. రేపటికి ఏమేం కావాలో వాళ్లు చెబుతారు, స్టోరు చూసే అన్న చీటీ మీద రాసుకుంటాడు, తెల్లవారుజామున వ్యానుకు ఎక్కిస్తాడు. నెలాఖరుకు ఎంత కొన్నామో తెలుస్తుంది, ఎంత అమ్మామో తెలుస్తుంది. ఆ రెండింటి నడుమ సరుకు ఏ దారిన పోయిందో మాత్రం ఎవరూ చెప్పలేరు.

నాన్న ఇరవై ఆరేళ్లుగా చిట్టా పుస్తకంతోనే నడిపించారు. ఒక్క హోటల్ ఉన్నన్నాళ్లు అది చాలింది. పొయ్యి మీద డేగిసా చూసి ఇంకా ఎన్ని ప్లేట్లు వస్తాయో చెప్పేవారు, చెప్పినన్నే వచ్చేవి. మూడు ఊళ్లలో మూడు డేగిసాల ముందు ఆయన ఒకేసారి నిలబడలేరు. అందుకే బిల్లింగు, స్టోరు, వంటల కొలతలు మూడూ కలిసి నడిచే సాఫ్ట్‌వేర్ ఒకటి తీసుకున్నాం. దాన్ని నిలబెట్టే బాధ్యత నాది.

ముందు బిల్లింగు పెట్టుకోండి, వారంలో అలవాటవుతుందని అమ్మినవాళ్లు చెప్పారు. నేను స్టోరుతో మొదలుపెడదామన్నాను. బిల్లులు ఎలాగూ ఇప్పుడు కూడా ఇస్తున్నాం. మాకు తెలియనిది స్టోరు తలుపు దాటాక జరిగేదే. నాన్న నా మాటకే ఒప్పుకున్నారు, ఒక షరతు మీద: పుస్తకం లెక్క, కంప్యూటర్ లెక్క వరుసగా 21 రోజులు కలిసేదాకా చిట్టా ఆపకూడదు. మంచి షరతు.

జూన్ 5

సరుకుల జాబితా ఎక్కించడం ఒక పూట పని అనుకున్నాను. నాలుగో రోజు నడుస్తోంది.

మూడు వంటగదుల నుంచి మూడు జాబితాలు తెప్పించాను. అనంతపురం జాబితాలో ఎర్రగడ్డలు ఉన్నాయి. ధర్మవరం జాబితాలో ఉల్లిగడ్డలు. గుంతకల్లులో కౌంటరు చూసే అబ్బాయి బడిలో నేర్చుకున్న మాట వాడి ఉల్లిపాయలు అని రాశాడు. మూడూ ఒకటే సరుకు, కంప్యూటర్‌లో మూడు పద్దులయ్యాయి. ఇది సులువుగానే సరిదిద్దవచ్చు. అసలు చిక్కు ఉర్లగడ్డలతో వచ్చింది. మా వైపు ఉర్లగడ్డ అంటే బంగాళాదుంప. పేర్లు ఎక్కించడానికి వచ్చిన కుర్రవాడిది కోస్తా. ఉర్లగడ్డ కూడా ఉల్లిగడ్డకే ఇంకో పేరనుకుని రెండింటినీ ఒకే పద్దులో కలిపేశాడు. బంగాళాదుంపల బస్తాలన్నీ ఎర్రగడ్డల నిల్వలోకి వెళ్లి కూర్చున్నాయి.

పప్పుల దగ్గర ఇంకా ఇబ్బంది పడ్డాం. మా ఊళ్లో ఉత్తినే పప్పులు అంటే పుట్నాలు. ఉగ్గాణిలో, అంటే బొరుగుల ఉప్మాలో, కలిపే పొడికి అవే కావాలి. నిన్న ప్రయత్నంగా ధర్మవరం నుంచి పప్పులు ఐదు కిలోలు అని కంప్యూటర్‌లో ఇండెంటు (సరుకు కోరే చీటీ) పెట్టించాను. ఇక్కడ స్టోరులో ఆ మాట కింద కందిపప్పు మొదట కనిపించింది, అదే వెళ్లింది. ఆ పూట ధర్మవరంలో ఉగ్గాణి పప్పుల పొడి లేకుండానే వడ్డించారు. అడిగినవాళ్లకు సమాధానం చెప్పుకోవలసి వచ్చింది. శనగ సంగతీ అంతే. శనగ నూనె అంటే వేరుశనగ నూనె, శనగలు అంటే వేరు, శనగ విత్తనాలు అంటే పల్లీలు, ఆ పల్లీలే కొందరి నోట బుడ్డలు.

అందరికీ ఒకే పేరు నేర్పించండి, సమస్య పోతుందని సాఫ్ట్‌వేర్ వాళ్ల సలహా. నాకు నచ్చలేదు. పుట్టిన దగ్గరి నుంచి ఎర్రగడ్డ అంటున్న వంట మాస్టరును మాట మార్చుకోమనడం న్యాయం కాదు. మారవలసింది కంప్యూటరే. ప్రతి సరుకుకు ఒక సంఖ్య, ఒక అసలు పేరు, దాని కింద మూడు ఊళ్ల వాడుక పేర్లన్నీ పెట్టించాను. ఎవరు ఏ పేరుతో వెతికినా ఒకే సరుకు వస్తుంది, పక్కన దాని ఫొటో కూడా కనిపిస్తుంది. ఫొటోలన్నీ స్టోరు అన్న తన ఫోనుతో తీశాడు. 412 పేర్లు చివరికి 263 సరుకులుగా తేలాయి.

జూన్ 11

పేర్లు అయ్యాయి, ఇప్పుడు కొలతలు.

స్టోరులో నూనె డబ్బాలు రెండు రకాలున్నాయి, 15 లీటర్లది, 15 కిలోలది. పక్కపక్కన పెడితే పెద్ద తేడా కనిపించదు. లీటరు వేరుశనగ నూనె సుమారు 910 గ్రాములు తూగుతుంది. అంటే 15 లీటర్ల డబ్బాలో ఉండేది 13.65 కిలోలే. మా పుస్తకంలో రెండూ ‘డబ్బా 1’ అనే ఉన్నాయి. డబ్బాకు 1,350 గ్రాముల తేడా ఇన్నేళ్లూ ఎవరి కంటా పడలేదు. ఇక నుంచి నూనె అంతా కిలోల్లోనే ఎక్కుతుంది.

టమాటాలు కక్కలపల్లి మార్కెట్ నుంచి వస్తాయి. పెట్టె అంటే 15 కిలోల లెక్కన మేం డబ్బు కడతాం. ఈ రోజు నాలుగు పెట్టెలు కాటా మీద పెట్టించాను. మెత్తబడినవి ఏరి పక్కన పెడితే ఒక పెట్టెలో 13 కిలోలే మిగిలాయి. పెట్టెల లెక్క రాయడం ఈ పూటతో ఆపేశాం. తూకం ఒక పద్దు, ఏరి పారేసినది ఇంకో పద్దు. గ్యాసు కూడా ఇలాగే. 19 కిలోల సిలిండరు మీద ఖాళీ బరువు రాసే ఉంటుంది, కాటా మీద పెడితే మిగిలినదెంతో తెలిసిపోతుంది.

జూన్ 16

అనంతపురంలో బిల్లింగు మొదలైంది. మూడు పొరపాట్లు దొరికాయి, మూడూ మొదటి రోజే దొరకడం మేలే అయింది.

హోటల్ బిల్లు మీద మేం వేసేది 5 శాతం జీఎస్టీ, కేంద్రానికి సగం, రాష్ట్రానికి సగం. ఈ పద్ధతిలో సరుకు కొన్నప్పుడు మేం కట్టిన పన్ను మాకు వెనక్కి రాదు, అది మా ఖర్చే. సాఫ్ట్‌వేర్ మాత్రం కొనుగోలు ధరలో పన్ను తీసేసి లెక్కవేసింది. దాంతో ప్రతి వంటకూ అయ్యే ఖర్చు ఉన్నదానికన్నా తక్కువగా కనిపించింది. హోటల్ లెక్క పెట్టుకునేవాళ్లు ఎవరైనా ముందు చూసుకోవలసినది ఇదే.

రెండోది, ఎఫ్ఎస్ఎస్ఏఐ సంఖ్య, అంటే ఆహార భద్రత లైసెన్సు సంఖ్య. 2022 జనవరి 1 నుంచి ఆ 14 అంకెల సంఖ్య బిల్లు మీద ఉండి తీరాలి. లైసెన్సు ఏ వంటగదికి ఆ వంటగదిదే. గుంతకల్లు నమూనా బిల్లు తెప్పించి చూస్తే దాని మీదా అనంతపురం సంఖ్యే ఉంది.

మూడోది బిల్లు సంఖ్య. 16 అక్షరాలు మించకూడదు, ఆర్థిక సంవత్సరంలో ఒకసారి వచ్చినది మళ్లీ రాకూడదు. మూడు హోటళ్లకూ ఒకే వరుస పెట్టారు. ఇంటర్నెట్ పోయిన రోజున రెండు ఊళ్లలో ఒకే సంఖ్య పడుతుంది. ఊరికో అక్షరం, ఊరికో వరుస పెట్టించాను.

జూన్ 20

వంటగది ప్రింటరు గురించి వివరంగా రాసుకోవాలి.

వడ్డించే సప్లయర్ తన ఫోనులో ఆర్డరు కొట్టగానే వంటగదిలో చీటీ రావాలి. పొయ్యికి మూడడుగుల దూరంలో గోడకు బల్ల వేసి థర్మల్ ప్రింటరు పెట్టాం. మాస్టరు చీటీలను పొయ్యి పైనున్న తీగకు గుచ్చుకుంటారు, అది ఆయన పాత అలవాటు. మధ్యాహ్నం రద్దీలో నేను అక్కడే ఉన్నాను. తీగ మీద చీటీ అంచు మొదట బూడిద రంగుకు తిరిగింది, తరువాత మధ్య వరకు నలుపు పాకింది, నాలుగు సంగటి అన్న అక్షరాలు ఆ నలుపులో కలిసిపోయాయి. థర్మల్ కాగితం మీద అచ్చు పడేదే వేడితో, పొయ్యి వేడికి కాగితమంతా అచ్చయిపోతుంది. ఏడు చీటీలు అలా పోయాయి. మాస్టరు అప్పటికే వాటిని ఒకసారి చూసి గుర్తుపెట్టుకున్నారు కాబట్టి ఆ పూట గట్టెక్కింది.

సాయంత్రానికి సిరా రిబ్బనుతో అచ్చువేసే ప్రింటరు తెచ్చాం. దానికి వేడి భయం లేదు. కానీ మా మాస్టర్లు చదివేది తెలుగే. ఈ చిన్న ప్రింటర్లలో తెలుగు అక్షరాలు ఉండవు, చీటీ మొత్తాన్ని బొమ్మగా మార్చి పంపాలి. రిబ్బను ప్రింటరులో ఆ బొమ్మ నెమ్మదిగా, చుక్కలు చుక్కలుగా పడింది. ఒత్తులన్నీ నలిగిపోయాయి. గుడ్డు పులుసు, గుత్తి వంకాయ రెండూ చూపుకు ఒకేలా ఉన్నాయి. ఇంగ్లీషులో కొట్టించుకోండి, చక్కగా వస్తుందని సలహా ఇచ్చారు. పదిహేడేళ్లుగా వండుతున్న మనిషి తన ఆర్డరును ఇంకొకరితో చదివించుకోవాలా? వద్దన్నాను.

మళ్లీ థర్మల్ ప్రింటరే పెట్టి, దాన్ని వడ్డన కిటికీ గట్టు మీదికి జరిపాం. చీటీలు గుచ్చే తీగ కూడా అక్కడికే వెళ్లింది. మాస్టరు రెండడుగులు ఎక్కువ నడవాలి. ఆయన ఒప్పుకున్నారు, చీటీ మీద అక్షరం పెద్దది చేయమని మాత్రం అడిగారు. చేశాను.

జూన్ 28

గుంతకల్లులో ఉదయం నుంచి రాత్రి తొమ్మిది వరకు ఇంటర్నెట్ లేదు. బిల్లులు అక్కడి కంప్యూటర్‌లోనే నిలిచి, లైను రాగానే ఇక్కడికి వచ్చాయి. ఒక్క సంఖ్య కూడా రెండుసార్లు పడలేదు.

జూలై 2

గుంతకల్లు రోజువారీ లెక్క యూపీఐ మొత్తంతో ఎందుకు కలవడం లేదో తెలిసింది. రాత్రి రైళ్లు దిగినవాళ్ల కోసం అక్కడ ఒంటి గంట దాకా తెరిచే ఉంటుంది. కంప్యూటర్ సరిగ్గా పన్నెండుకు రోజు మార్చేస్తోంది. మా రోజు తెల్లవారుజామున నాలుగుకు మారేలా పెట్టించాం.

జూలై 9

ఈ వారం మూడు వంటగదుల తేడాల పట్టిక మొదటిసారి వచ్చింది. అమ్మిన ప్లేట్లను వంట కొలతతో గుణించి ఎంత సరుకు ఖర్చయి ఉండాలో కంప్యూటర్ చెబుతుంది. నిజంగా స్టోరులో ఎంత తగ్గిందో పక్కన పెడుతుంది. తేడా ఎక్కువైతే ఎర్ర అంకెల్లో చూపిస్తుంది.

అనంతపురం బాగానే ఉంది. ధర్మవరంలో కొంచెం తేడా. గుంతకల్లు పేజీ సగం ఎర్రగా ఉంది. నాటుకోడి పులుసులో పడే ఎండుకొబ్బరి, గసగసాలు, ధనియాలు ఉండాల్సినదానికన్నా దాదాపు 40 శాతం ఎక్కువ ఖర్చయ్యాయి.

నాన్న ఆ పేజీని చాలాసేపు చూశారు. తరువాత గుంతకల్లు మాస్టరుకు ఫోను చేసి, మసాలా సరుకులో తేడా వస్తోంది, కాస్త చూసుకో అన్నారు. అంతకు మించి ఒక్క మాట అనలేదు. కానీ పంతొమ్మిదేళ్లుగా మా దగ్గరున్న మనిషికి ఆ మాట ఎలా తగిలి ఉంటుందో నాకు తెలుసు. ఆ పేజీని సరిచూడకుండా నాన్న ముందు పెట్టింది నేనే.

జూలై 11

రెండు రోజులుగా ఆ పట్టికే చూస్తున్నాను. అందులో కోడి లెక్క సరిగ్గా ఉంది. ప్లేటుకు నాలుగు ముక్కల చొప్పున ఎంత పోవాలో అంతే పోయింది. సరుకు బయటికి పోయేదైతే ముందు పోయేది కోడి. దాన్ని వదిలేసి ధనియాలు, కొబ్బరి మోసుకుపోయేవాళ్లు ఉంటారా? తప్పు మనిషిలో లేదు, కొలతలో ఉంది. అదెక్కడో వెళ్లి చూస్తే తప్ప తెలియదు.

జూలై 13

పొద్దున్నే గుంతకల్లు వెళ్లాను. సంచిలో చిన్న కాటా, ఇక్కడి పులుసు గరిటె పెట్టుకున్నాను. వంటల కొలతలన్నీ మేం అనంతపురంలో ఆ గరిటెతోనే రాసుకున్నాం. ప్లేటుకు రెండు గరిటెల పులుసు.

మాస్టరు నాతో మాట్లాడారు గానీ ముఖంలోకి చూడలేదు. టీ ఇప్పించి, కూర్చోమని, ఎర్రగడ్డలు తరగడానికి వెళ్లిపోయారు. నేను గరిటె తీసి గట్టు మీద పెట్టాను. ఆయన అటు చూసి కత్తి కింద పెట్టారు.

“ఇదేమిటి పాపా, ఇంత చిన్నది?”

లోపలికి వెళ్లి తన గరిటె తెచ్చారు. ఇత్తడిది, పిడి దగ్గర అతుకు వేసి ఉంది, గుంట లోతుగా ఉంది. గిన్నెను కాటా మీద పెట్టి సున్నా చేసి, మా గరిటెతో నీళ్లు పోశాను. 118 గ్రాములు. ఆయన గరిటెతో 165. ఇంకోసారి పోశాం, అంతే వచ్చింది. ధర్మవరానికి ఫోను చేసి అక్కడి గరిటెనూ కొలిపించాను, 140. పులుసు ఎక్కువ పోయాలి కాబట్టి ఈయన మసాలా ఎక్కువ నూరుతున్నారు. ముక్కలు మాత్రం నాలుగే వేస్తున్నారు. ఎర్ర అంకెలన్నీ ఆ గరిటె గుంటలోంచే వచ్చాయి.

“ఈ హోటల్ తెరిచిన రోజు మీ నాన్న కొనిచ్చినదే ఇది,” అన్నారు.

“తప్పు నాదే మామా. గరిటె కొలవకుండా లెక్క రాశాను,” అన్నాను. ఆయన ఏమీ అనలేదు. మధ్యాహ్నం తన పక్కనే కూర్చోబెట్టుకుని సంగటి పెట్టించారు. సంగటి ముద్ద మధ్యలో గుంట చేసి ఆ ఇత్తడి గరిటెతోనే పులుసు పోశారు.

జూలై 14

నాన్న రాత్రే ఆయనకు ఫోను చేశారు. ఆ మాటలు వాళ్లిద్దరివి, ఇక్కడ రాయను.

గరిటెల సంగతి తేల్చాలి. పాత్రల అంగడిలో 118 గ్రాములు పట్టే స్టీలు గరిటెలు పన్నెండు తీసుకున్నాం, ఊరికి నాలుగు. అయితే గుంతకల్లు మాస్టరు ఒక మాట చెప్పారు. అక్కడికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది డ్యూటీ దిగి వచ్చే రైల్వేవాళ్లు, పులుసు నిండుగా ఉంటేనే సంగటి తింటారు, తగ్గిస్తే రేపటి నుంచి రారు. ఆయన చెప్పినదే సరి. కాబట్టి గుంతకల్లుకు ఆ వంట కొలతను వేరుగా రాశాను, ప్లేటుకు మూడు గరిటెలు. 330 గ్రాములు పోసేచోట ఇప్పుడు 354 పడుతుంది. మూడు ఊళ్లలో గరిటె ఒకటే ఉండాలి, పోసే గరిటెలు ఆ ఊరి ఇష్టం. తినేవాళ్ల నోటి దగ్గరిది తీసి పట్టిక సరిచేయడానికి నాకు మనసు ఒప్పదు.

ఎర్ర అంకె కనిపిస్తే ఎవరికైనా ఫోను చేసేముందు కాటా, గరిటె, డబ్బా మూడూ చూడాలని స్టోరు గోడ మీద రాసి పెట్టాను. రేపటి నుంచి 21 రోజుల లెక్క మళ్లీ ఒకటితో మొదలు.

జూలై 27

ధర్మవరంలో నిన్న, ఈ రోజు మధ్యాహ్నం రెండింటికే టిఫిన్లు, భోజనం అయిపోయాయి. గత నాలుగు వారాల సగటు చూసి రేపటి ఇండెంటును కంప్యూటరే సూచిస్తుంది. ఆ నాలుగు వారాలూ ఆషాఢం. పెళ్లిళ్లు లేవు, పట్టుచీరల కోసం వచ్చేవాళ్లు లేరు, హోటల్ సగం ఖాళీ. శ్రావణం రాగానే చీరల అంగళ్ల ముందు జనం నిండిపోయారు. ఆ సంగతి కంప్యూటర్‌కు తెలియదు. పైగా శ్రావణంలో మాంసం తినేవాళ్లు తగ్గుతారు, ఉగ్గాణి, దోసెలు పెరుగుతాయి. సగటు దానికి తలకిందులుగా చెప్పింది.

సూచన అంకె పక్కన మాస్టరు రాసే అంకె ఒకటి పెట్టించాను. రెండూ వేరైతే మాస్టరుదే చెల్లుతుంది. పంచాంగం చూసి మాసాలు, మూఢాలు, పండుగలు కూడా నేనే ఎక్కిస్తున్నాను. రెండేళ్ల లెక్క నిలిస్తే పోయిన శ్రావణంతో ఈ శ్రావణాన్ని పోల్చవచ్చు. అప్పటిదాకా మాస్టరు అనుభవమే ఆధారం.

కౌంటరులో ప్రతి ఒక్కరి ఫోను నంబరు అడిగి ఎక్కించుకోమని సాఫ్ట్‌వేర్ వాళ్లు చెబుతున్నారు. వద్దన్నాం. సంగటి తినడానికి వచ్చిన మనిషి నంబరుతో మాకు పని లేదు. లేని పనికి తీసుకుని దాచిపెట్టడం బాధ్యత తలకెత్తుకోవడమే.

ఆగస్టు 4

21 రోజులు నిండాయి. చిట్టా, కంప్యూటర్ రోజూ కలిశాయి. కలవని మొత్తం ఎప్పుడూ చిల్లర దాటలేదు. నాన్న చిట్టా ఆపవచ్చన్నారు. నూనె, టమాటాల పేజీ మాత్రం ఇంకో నెల రాస్తానన్నారు. ఆయన ఇష్టం.

ఆగస్టు 10

రాత్రి పదకొండున్నరకు గుంతకల్లు మాస్టరు నుంచి ఫోను. ఆయన నాకు నేరుగా ఫోను చేయడం ఇదే మొదలు.

“పాపా, మిరపకాయల దగ్గర మీ కంప్యూటర్ తప్పు చెబుతోంది. ఈసారి వచ్చిన బస్తా బ్యాడిగి. రంగు వస్తుంది గానీ కారం రాదు. గుంటూరు కాయ పావు కిలో వేసేచోట ఇది పావుతో సరిపోదు. రెండూ ఎండుమిరపకాయలు అనే ఒక్క పేరు కింద ఉన్నాయి. రేపు పొద్దున నా లెక్క ఎర్రగా వస్తుంది. ఇప్పుడే రెండు పేర్లు పెట్టు.”

ఫోను పెట్టకుండానే కంప్యూటర్ తెరిచాను. బ్యాడిగి మిరప, వాడుక పేరు ఏమని రాయాలి అని అడిగాను. రంగు కాయ అని రాయమన్నారు. 264వ సరుకు. కొలత ఎంత అని అడిగితే, రేపు రెండు విడతలు నూరి, కాటా మీద పెట్టి చెబుతానన్నారు.